బొంగు ఎందుకు కాలిపోదు?

న్యూయార్కు హోటళ్ల వంటగదుల్లో తాను గడిపిన జీవితం గురించి ఆంథొనీ బోర్డేన్ అనే వంటవాడు 2000లో ఒక పుస్తకం రాశాడు. దాని పేరు ‘కిచెన్ కాన్ఫిడెన్షియల్’. సెగ, చెమట, కాలిన చేతులు, కేకలు - పుస్తకం నిండా ఇవే. సైన్సు మాస్టారిని గనుక నన్ను ఆపింది మాత్రం మరొకటి. సోమవారం నాడు హోటల్లో చేప తినవద్దంటాడాయన. వారాంతంలో చేపల బజారు ఉండదు. సోమవారం మీ పళ్లెంలోకి వచ్చేది శుక్రవారం నాటి చేప! (ఈ సలహాకు కాలం చెల్లిందని తరవాత ఆయనే అన్నాడు లెండి.)

మన అరకులోయలో రోడ్డు పక్క నిప్పుల మీద బొంగులో చికెన్ చేసే చోటు కూడా వంటశాలే. కోడిమాంసం ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లం, వెల్లుల్లి పట్టించి, అడుగున కణుపు ఉన్న పచ్చి వెదురు బొంగులో కూరతారు. మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. వెదురు కర్రే గదా, మరి ఎందుకు అంటుకోదు?

పచ్చి వెదురు గోడలో నీరుంది. ఒక గ్రాము నీటిని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడి చెయ్యటానికి 75 కెలోరీలు చాలు. అదే గ్రాము ఆవిరి కావాలంటే మరో 540 కెలోరీలు కావాలి. ఇదే గుప్తోష్ణం. నిప్పుల వేడిలో పెద్ద భాగాన్ని ఈ నీరే మింగేస్తుంది. నీరున్నంతసేపూ గోడ 100 డిగ్రీలను పెద్దగా దాటదు. వెదురు అంటుకోవాలంటే అంతకు రెండింతలకు పైగా వేడి కావాలి. పైపొర మాత్రం ఎండి, మాడి బొగ్గవుతుంది. ఎండు బొంగుతో ఈ వంట చేస్తే కూరా మిగలదు, బొంగూ మిగలదు.

లోపల మాంసంలోంచి ఊరిన నీరే ఆవిరై ముక్కల్ని ఉడికిస్తుంది. వేపుడులాగా ఎర్రబడాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి, అందుకే ఈ ముక్కలు ఎర్రబడవు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది గనుక అక్కడ నీరు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది. ఆకుల మూత ఆవిరిని వదులుతూనే ఉంటుంది కాబట్టి దీన్ని ప్రెషర్ కుక్కరుతో పోల్చకూడదు. రెండు వైపులా కణుపులతో మూసుకున్న బొంగును నిప్పుల్లో వేస్తే పేలుతుంది. అడవి తగలబడినప్పుడు వెదురు పొదల్లో టపటపమని వినిపించేది అదే. ఈ ప్రయోగం మాత్రం మీరు చెయ్యకండి!

ఇక సోమవారం చేప సంగతి. ఆదివారం జనం ఎక్కువగా వస్తారని మసాలా పట్టించిన ముక్కల్ని పొద్దున్నే గిన్నెలో సిద్ధంగా ఉంచారనుకోండి. అనుకూలమైన వేడిలో కొన్ని బాక్టీరియాలు ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. మూడు గంటల్లో తొమ్మిదిసార్లు. లెక్క కట్టండి: ఒక్కటి 512 అవుతుంది.

“నిప్పుల మీద అన్నీ చస్తాయి గదా మాస్టారూ!” అంటారు మీరు. నిజమే, ముక్క నడిమి భాగం 74 డిగ్రీలు చేరితే హాని చేసే బాక్టీరియాలు చస్తాయి. కాని స్టాఫిలోకాకస్ అనేది ఒకటుంది. మన ముక్కులోనూ, చేతి పుండ్లలోనూ ఉండేదే. కూరకు వేసే ఉప్పు దాన్ని ఆపలేదు. అది చచ్చినా, ముందే వదిలిన విషం మరిగే నీటిలో కూడా చాలాసేపు చెక్కుచెదరదు. రుచిలో, వాసనలో తేడా కూడా తెలియదు.

అందుకే ఆ దుకాణాల దగ్గర నేను ముందు చూసేది బొంగుని కాదు, పచ్చి ముక్కల గిన్నె ఐసులో ఉందా లేదా అని.