ఇంటి వర్క్‌షాపు నేల: గచ్చు, నాపరాయి, ఎపాక్సీ

తెలుగు రాష్ట్రాల్లో సొంత ఇల్లున్నవారికి ఇంటి పక్కన వేసుకున్న రేకుల షెడ్డో, కారు నిలిపే పోర్టికోలో ఒక మూలో వడ్రంగానికీ, వెల్డింగుకూ, బండి మరమ్మతుకూ పనిచోటుగా మారడం సాధారణం. హాలులో ఏ టైల్స్ వేయాలన్నది నెలల తరబడి ఆలోచించే కుటుంబాలు సైతం ఈ పనిచోటు దగ్గరకు వచ్చేసరికి మిగిలిపోయిన టైల్స్‌తోనో, పలుచని సిమెంటు పూతతోనో సరిపెట్టేయడం, కొన్నాళ్లకే ఆ నేల పగిలి పెచ్చులూడటం తరచుగా కనిపిస్తుంది. అక్కడ జరిగే పని ఏమిటో ముందుగా తేల్చుకుంటే నేల ఎంపిక సులువవుతుంది, ఎందుకంటే వర్క్‌షాపు నేల బరువునూ, జారిపడే పనిముట్ల దెబ్బనూ, రాపిడినీ, నూనెలూ ఆమ్లాల వంటి రసాయనాలనూ పైనుంచి భరిస్తూనే, భూమిలోంచి పైకి ఎగబాకే చెమ్మను కిందినుంచి ఎదుర్కోవలసి ఉంటుంది; వేసిన పూతలు ఊడిపోవడానికి తరచుగా కారణమయ్యేది ఈ చివరిదే.

బరువు విషయంలో చాలామంది కారును చూసి భయపడతారు గాని, టైరు నేలను నొక్కే ఒత్తిడి దాదాపు దానిలోని గాలి ఒత్తిడితో సమానంగా ఉంటుంది కనుక, 30 పి.ఎస్.ఐ. గాలి నింపిన టైరు నేల మీద మోపేది చదరపు సెంటీమీటరుకు రెండు కిలోలకు కాస్త ఎక్కువ మాత్రమే. ఎం20 రకం కాంక్రీటు, అంటే 28 రోజులు గట్టిపడిన తర్వాత చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకునేది, ఇదే లెక్కన చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోలు ఓర్చుకోగలదు. అసలు పరీక్ష కారును జాకీ మీద ఎత్తినప్పుడు ఎదురవుతుంది: టైరు అంత విశాలంగా పరిచిన బరువు అప్పుడు జాకీ ఉక్కు చక్రాల సన్నని అంచు మీదికో, స్టాండు కాళ్ల కిందికో కుదించుకుపోతుంది. మోటార్‌సైకిల్ సైడ్ స్టాండు చేసేదీ అదే. అందువల్ల గచ్చును ఏమీ చేయని జాకీ, అడుగున బోలుగా మిగిలిన టైల్‌ను ఒక్క కదలికతో పగలగొడుతుంది.

పైన ఏ పరుపు వేసినా కింద ఉండవలసింది కాంక్రీటు పలకే. నల్లరేగడి నేలల్లో ఈ విషయం మరింత ముఖ్యం, ఎందుకంటే ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతూ పైనున్న గచ్చును ఎత్తి దించుతుంది. అందుకే అనుభవమున్న మేస్త్రులు పైమట్టిని తీసివేయించి, మొరం పోయించి, తడిపి దిమ్మిస చేయిస్తారు. దాని మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు పరిచి కాంక్రీటు పోస్తే భూమిలోని చెమ్మకు అక్కడే అడ్డుకట్ట పడుతుంది, ఇల్లు కట్టేటప్పుడు కొద్దిపాటి ఖర్చుతో అయ్యే ఈ పనిని తర్వాత ఏ పూతా భర్తీ చేయలేదు. నాలుగంగుళాల మందం పలకలో ఎనిమిది నుంచి పది అడుగులకు ఒకచోట, మందంలో నాలుగో వంతు లోతున గాడి కోయిస్తే, ఆరేటప్పుడు తప్పక వచ్చే బీట ఆ గాడిలోనే దాగిపోతుంది. గేటు వైపు పది అడుగులకు అంగుళం చొప్పున వాలు ఉంటే కడిగిన నీరు నిలవదు.

గచ్చు పైపొర దుమ్ముగా రాలడం దాదాపు అందరూ చెప్పే ఫిర్యాదు. మాలులో నీరు ఎక్కువైనప్పుడు అది పైకి తేలుతూ తనతో సన్నని సిమెంటు రేణువులను తెచ్చి బలహీనమైన పొరను మిగులుస్తుంది, ఆ నీటిని పీల్చడానికి తాపీ పని ముగిసేటప్పుడు పొడి సిమెంటు చల్లితే ఆ పొర మరింత పెళుసవుతుంది. నీళ్లు కట్టి తడపడం రెండు మూడు రోజులకే మానేసినా ఇదే ఫలితం. ఇప్పటికే దుమ్ము రాలుతున్న గచ్చుకు సోడియం లేదా లిథియం సిలికేట్ ద్రావణం పట్టిస్తే, అది సిమెంటులో మిగిలి ఉన్న సున్నంతో కలిసి సిమెంటుకు బలాన్నిచ్చే కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే పదార్థంగానే మారి సూక్ష్మరంధ్రాలను పూడ్చేస్తుంది. పైన పొరగా నిలిచేది కాదు కనుక ఇది ఊడిపోదు. తక్కువ ఖర్చులో ఎక్కువకాలం మేలు చేసే ఈ మార్గానికి దక్కవలసినంత ప్రచారం దక్కలేదు.

తెలుగు నేలకు సొంతమైన పరుపు నాపరాయి. వికారాబాద్ జిల్లాలోని తాండూరు, నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల గనుల నుంచీ, పొరుగున కర్ణాటకలోని షాబాద్ నుంచీ వచ్చే ఈ బండలు తరాలుగా ఇళ్లకూ, బడులకూ, గోదాములకూ నేలగా ఉన్నాయి. ఎండాకాలంలో చల్లగా ఉండటం, ఒక బండ పగిలితే దాన్నొక్కదాన్నే తీసి మరొకటి వేసుకోగలగడం వీటి సుగుణాలు. అయితే నాపరాయి ఒక రకం సున్నపురాయి, దానిలో ప్రధానంగా ఉండేది కాల్సైట్ అనే ఖనిజం. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు కొలిచే మోస్ కొలమానంలో కాల్సైట్‌ది మూడో స్థానం, పనిముట్ల ఉక్కు అయిదు దాటి ఉంటుంది కనుక, ఈడ్చిన ఇనుప బల్ల కాలు బండ మీద గీత పెట్టడం సహజం. ఇంతకన్నా పెద్ద సమస్య ఆమ్లం. ఇంట్లో మరుగుదొడ్డి కడిగే యాసిడ్ చుక్క ఒకటి నాపరాయి మీద పడితే తెల్లగా నురగ లేచి, బుడగలు ఆగేసరికి అక్కడ మెరుపు పోయి గరుకైన మచ్చ మిగులుతుంది; రాయిలోని కాల్షియం కార్బొనేట్ కరిగి కార్బన్ డయాక్సైడ్ వాయువుగా వెలువడటమే ఆ నురగ. కారు బ్యాటరీలోని సల్ఫ్యూరిక్ ఆమ్లం చేసేదీ ఇలాంటి నష్టమే, తుప్పు వదిలించే ద్రావణాలూ ఇందుకు మినహాయింపు కావు. సిమెంటు గచ్చుకు కూడా ఆమ్లం శత్రువే. వడ్రంగానికి నాపరాయి ఎంతో హాయినిచ్చే నేల, బ్యాటరీలూ ఇంజిను నూనెలూ ఒలికే చోట మాత్రం దాన్ని ఎంచుకోకపోవడమే మంచిది.

గ్రానైట్ ఈ రెండు లోపాలనూ దాటుతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి, కరీంనగర్ ప్రాంతాల్లో దొరికే ఈ రాయిలో ఉండే ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజాలు మోస్ కొలమానంలో ఆరు ప్రాంతంలో నిలుస్తాయి, మామూలు ఆమ్లాలకు అవి తేలికగా లొంగవు. పాలిష్ చేసిన గ్రానైట్ మీద నూనె గానీ రంపపు పొట్టు గానీ పడితే కాలు నిలవదు కాబట్టి, మంటతో గరుకు చేసిన రకాన్నే వర్క్‌షాపుకు అడగాలి. పార్కింగ్ టైల్స్ పేరుతో అమ్మే మందపాటి గరుకు టైల్స్ కూడా పనికివస్తాయి, అయితే ప్రతి టైల్ అడుగున అంచుల దాకా మాలు నిండాలి. తట్టి చూసినప్పుడు బోలు శబ్దం వచ్చిన టైల్‌ను మాలు ఆరకముందే తీయించి మళ్లీ వేయించుకోవడం ఇంటివారి హక్కు.

ఇటీవల అందరినీ ఆకర్షిస్తున్నది ఎపాక్సీ. ఇది రెండు డబ్బాల్లో, రెజిన్‌గానూ హార్డెనర్‌గానూ వస్తుంది; రెండూ కలిసినప్పుడు వాటి అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని, మళ్లీ కరగని గట్టి పొరగా మారతాయి. రంగు ఆరడమంటే ద్రవం ఆవిరైపోవడం, ఎపాక్సీ గట్టిపడటమంటే రసాయన చర్య పూర్తికావడం. ఆ చర్యలో వేడి పుడుతుంది కనుక, కలిపిన మిశ్రమాన్ని బకెట్‌లోనే ఉంచితే తన వేడికి తానే ముదిరి గడ్డకడుతుంది. అందుకే కలిపిన వెంటనే నేల మీద ఒంపి పరచాలి. నూనె, పెట్రోలు, పలుచని ఆమ్లాలు తాకినా మంచి ఎపాక్సీ చెక్కుచెదరదు, తుడిస్తే శుభ్రపడుతుంది. నీటిలో కలిపే పలుచని ఎపాక్సీ రంగుకూ, ద్రావణులు లేకుండా మందంగా పరిచే ఎపాక్సీకీ మన్నికలో చాలా తేడా ఉంటుంది, ధర అడిగేటప్పుడు మైక్రాన్లలో మందం ఎంతో కూడా అడగడం అవసరం.

ఎపాక్సీ ఊడిపోయిన చోట తప్పు సాధారణంగా దాని కింద ఉంటుంది. నునుపుగా తాపీ పట్టిన గచ్చు మీద పూత పట్టు దొరకక జారిపోతుంది కాబట్టి, వజ్రపు చక్రాల గ్రైండర్‌తో పైనున్న బలహీన పొరను తొలగించి, గరుకు కాగితమంత గరుకుదనం తేవాలి. పాత నూనె మరకలను ముందుగా డిటర్జెంటుతో కడిగి, ఆ చోట నీటి చుక్క వేసి చూడాలి. చుక్క ఇంకకుండా ముత్యంలా నిలిస్తే నూనె ఇంకా లోపల ఉన్నట్టే. చెమ్మను కనిపెట్టడానికి ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటుంది: అడుగున్నర చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో నేలకు అతికించి, కనీసం 16 గంటల తర్వాత ఎత్తి చూస్తే, అడుగున నీటి బిందువులు చేరినా గచ్చు రంగు నల్లబడినా ఆ నేల ఇంకా పూతకు సిద్ధం కాలేదు. అలాంటి నేల మీద పూత వేస్తే, కిందినుంచి వచ్చే ఆవిరి బయటపడే దారి లేక పొక్కులు లేపుతుంది.

గాలిలోని తేమ కూడా లెక్కలోకి వస్తుంది. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున దాదాపు 26 డిగ్రీలకు చల్లబడిన ఉపరితలం మీద మంచు బిందువులు పడతాయి, నేల దానికన్నా కనీసం మూడు డిగ్రీలు వేడిగా ఉంటేనే పూత వేయాలన్నది ఈ పనిలో పాటించే నియమం. నీడపట్టు షెడ్లలో వానాకాలం నేల అంత వేడిగా ఉండటం అరుదు. అటు మే నెల ఎండల్లో మిశ్రమం చాలా త్వరగా ముదిరిపోతుంది. సంక్రాంతి దాటాక ఎండలు ముదరకముందు వచ్చే పొడి రోజులు తెలుగు ప్రాంతాల్లో ఈ పనికి అనువైనవి.

ఎపాక్సీ పరిమితులు కూడా తెలియాలి. గది వేడికి గట్టిపడే రకాల్లో చాలావాటికి 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడే గుణం ఉంటుంది, దూరం తిరిగి వచ్చిన కారు వేడి టైరు చవకరకం పూతను పెరికి తీసుకుపోవడానికి కారణం ఇదే. వెల్డింగు నిప్పురవ్వలు దాన్ని కాల్చి మచ్చలు పెడతాయి. నేరుగా ఎండ తగిలే పోర్టికోలో అది పసుపుబారుతుంది, అక్కడ పైపూతగా ఎండను తట్టుకునే పాలీయురెథేన్ గానీ పాలీఆస్పార్టిక్ గానీ ఉండాలి. జారకుండా సన్నని ఇసుకనో అల్యూమినియం ఆక్సైడ్ రేణువులనో పూత తడిగా ఉన్నప్పుడే చల్లించాలి.

గంటల తరబడి నిలబడి పనిచేసే బల్ల ముందు ఏ గట్టి నేలైనా మోకాళ్లనూ నడుమునూ బాధిస్తుంది, జారిన ఉలి మొన విరుగుతుంది. అక్కడ మందపాటి రబ్బరు చాప వేయడం ఉత్తమం. మామూలు రబ్బరు నూనెకు ఉబ్బుతుంది కాబట్టి మెకానిక్ పనికి నైట్రైల్ రబ్బరు తీసుకోవాలి.

అమెరికాలో చలి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువారి గ్యారేజీల్లో లెక్క వేరు. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు టైర్లతో లోపలికి వచ్చి గచ్చులోకి ఇంకి, నీరు గడ్డకట్టి కరిగే ప్రతిసారీ పైపొరను పెచ్చులుగా లేపుతుంది, అందువల్ల నీటిని లోపలికి పోనివ్వని పూత అక్కడ నిజమైన అవసరం.

తెలుగు ఊళ్లలోని షెడ్డుకైతే, వెల్డింగుకు సిలికేట్ పట్టించిన గచ్చు, నూనెలతో పనికి చెమ్మ లేదని తేలిన గచ్చు మీద మందపాటి ఎపాక్సీ, చెక్కపనికి నాపరాయి తగినవి; అన్నీ కలగలిసిన చోట గచ్చునే ఉంచి బల్ల ముందు చాప పరచడం వివేకం. ఏది ఎంచుకున్నా, వైస్‌కూ, గ్రైండర్ దిమ్మకూ, బల్ల కాళ్లకూ కావలసిన బోల్టు రంధ్రాలను పూత వేయకముందే వేయించి, దుమ్ము ఊదించి మూసి ఉంచాలి, తర్వాత డ్రిల్లు పెట్టిన ప్రతిచోటా పూత అంచు లేచి నూనె లోపలికి దిగుతుంది.