ఇంటి మేకోవర్ షోకి వాలంటీర్ ఫోటోగ్రాఫర్‌గా వెళ్తున్నారా? మీ ఫోన్‌ని ఇలా రెడీ చేసుకోండి

అమెరికాలో ఏబీసీ ఛానెల్ 2003లో మొదలుపెట్టిన 'ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్' క్లిప్స్ మీలో కొందరు చూసే ఉంటారు. కష్టాల్లో ఉన్న కుటుంబాన్ని వారం రోజులు టూర్‌కి పంపేసి, ఆలోపు వందలమంది వాలంటీర్లు ఇల్లు కట్టేసేవాళ్లు. చివర్లో అడ్డంగా ఉన్న బస్సు పక్కకి జరగ్గానే కొత్త ఇల్లు కనిపించేది.

ఆ స్థాయి షో నూజెండ్లకి రాకపోవచ్చు. కానీ లోకల్ టీవీ వాళ్లో, యూట్యూబ్ ఛానెల్ వాళ్లో వచ్చి ఓ పెద్దావిడ ఇంటి రేకులు మార్పిస్తున్నారు, ఫోటోలకి మిమ్మల్ని రమ్మన్నారు అనుకోండి. చేతిలో ఉన్నది ఫోనే. ఏం చేయాలో చూద్దాం.

కూల్చేముందే తీయాలి

కొత్త ఇంటి ఫోటో రేపైనా తీసుకోవచ్చు. పాత గోడ పడగొట్టాక దాని ఫోటో ఇక దొరకదు. అందుకే మేస్త్రి గునపం పట్టుకోకముందే అక్కడుండండి. ప్రతి గదినీ రెండు మూలల నుంచి, 1ఎక్స్ లెన్స్‌తో, ఛాతీ ఎత్తులో తీయండి. నిలబడ్డ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, ద్వారం నుంచి ఎన్ని అడుగులో కూడా రాసుకోండి. సుద్ద చెరిగిపోయినా లెక్క ఉంటుంది.

పని అయ్యాక అదే చోట, అదే లెన్స్, అదే టైమ్‌కి తీయాలి. 'బిఫోర్' 1ఎక్స్‌లో, 'ఆఫ్టర్' 0.5ఎక్స్‌లో తీస్తే పదడుగుల గది హాల్‌లా కనిపిస్తుంది. అది మేకోవర్ కాదు, లెన్స్ మాయ.

సున్నం గోడతో జాగ్రత్త

పల్నాడులో సున్నం అంటే పిడుగురాళ్లే. కొత్తగా వెల్ల వేసిన గోడ ఫ్రేమ్ నిండా ఉంటే ఆటో మోడ్ బోల్తా పడుతుంది. వెలుతురు ఎక్కువైందనుకుని ఫోటోని డల్ చేస్తుంది, తెల్లగోడ బూడిదరంగులోకి పోతుంది. ఎక్స్‌పోజర్‌ని +0.3 నుంచి +0.7 దాకా పెంచి లాక్ చేయండి. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్ కూడా ఫిక్స్ చేసుకోండి. బ్యూటీ ఫిల్టర్ మాత్రం ఆపేయండి.

రాత్రి ఎల్‌ఈడీ లైట్ల కింద నల్లచారలు వస్తున్నాయా? మన కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ స్పీడ్ 1/50 లేదా 1/100 పెడితే చాలావరకు పోతాయి.

పాత ఫోన్‌కి టైమ్‌ల్యాప్స్ డ్యూటీ

30 సెకన్లకో ఫోటో చొప్పున 8 గంటలకి 960 ఫోటోలు. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 40 సెకన్ల వీడియో. ట్రైపాడ్, పవర్‌బ్యాంక్ చాలు. నీడలోనే పెట్టండి. ఐఫోన్‌ని 35 డిగ్రీలలోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతోంది, మన ఎండాకాలం 40 దాటేస్తుంది.

ఐపీ68 ఉందని ధీమా వద్దు. అందులో 6 అంటే దుమ్ము లోపలికి పోదని, లెన్స్ మీద గీతలు పడవని కాదు. సిమెంటు దుమ్ముని చొక్కా కొంగుతో తుడవకండి. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత మైక్రోఫైబర్ క్లాత్ వాడండి.

ఫోటోనే సాక్ష్యం

2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన-గ్రామీణ్‌లో ఇల్లు ఏ దశలో ఉందో ఆవాస్ యాప్ ద్వారా జియోట్యాగ్ ఫోటోలు తీస్తారు. వాయిదాల డబ్బు విడుదలకి అవే ఆధారం. మీ గ్యాలరీ ఫోటో వాటికి బదులుగా పనికిరాదు. కానీ ఫోటో అంటే రుజువు అన్న సంగతి మీకూ వర్తిస్తుంది. దాతలు నమ్మేది మీ ఫోటోల్నే.

అందుకే ఒరిజినల్స్ దాచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గుతుంది, తేదీ, లొకేషన్ వివరాలు పోతాయి. టీమ్‌కి డాక్యుమెంట్‌గా పంపండి. ఇన్‌స్టాలో పెట్టేముందు మాత్రం లొకేషన్ తీసేయండి, అది ఒకరి ఇంటి అడ్రస్.

సంతకం పెట్టేముందు

1957 కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా తీసినవాళ్లదే ఫోటో హక్కు. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవాళ్లకి పోతుంది. హక్కు రాసివ్వాలంటే కాగితం మీదే జరగాలి. కాబట్టి 'ఫ్రీ సర్వీసే కదా' అని షో వాళ్ల ఫారం చదవకుండా సంతకం చేయొద్దు. టెలికాస్ట్ కాకముందు స్టోరీ పెట్టొద్దన్న షరతు కూడా అందులోనే ఉండొచ్చు.

అన్నిటికన్నా ముందు ఇంటావిడ మాట. "అమ్మా, ఈ పెచ్చులూడిన గోడ ఫోటో బయటపెట్టొచ్చా?" అని అడగండి. వద్దంటే వద్దు. మనకది 'బిఫోర్' ఫోటో, ఆవిడకి నిన్నటిదాకా బతికిన ఇల్లు. గృహప్రవేశం రోజు ఓ పది ఫోటోలు ప్రింట్ వేయించి చేతికివ్వండి. అందులో పాత ఇల్లు కూడా ఉండాలి.