చెక్కపెట్టెలో మంద్రనాదం

టేపురికార్డర్లు పల్లెలకు ప్రాకిన 1980 దశకంలో మన ప్రాంతాలలో ఒక వింత కనిపించేది. కొందరు యువకులు చిన్న స్పీకరును విప్పి తీసి, మట్టికుండ మూతిమీద బోర్లించి పాట పెట్టేవారు. అంతవరకు కీచుమన్న పాటకు గాంభీర్యం వచ్చేది. ధ్వనిశాస్త్రం చదివి చేసిన పని కాదది. అయినా ఆ కుండలో ఒక శాస్త్రసత్యం ఇమిడి ఉన్నది.

స్పీకరులోని కాగితపు శంకువు ముందుకు కదలినప్పుడు ఎదుటి గాలి నొక్కుకొంటుంది. వెనుక గాలి పలుచబడుతుంది. ఈ రెండు తరంగాలూ పరస్పర విరుద్ధాలు. తారస్వరాలకు దీనివలన అంత నష్టం లేదు. మంద్రస్వరాల సంగతి వేరు. సెకనుకు 40 స్పందనలు గల స్వరానికి తరంగదైర్ఘ్యం సుమారు 8.5 మీటర్లు. అంత పొడవైన తరంగం జానెడు స్పీకరు అంచును సులభంగా చుట్టివచ్చి, ఎదుటి తరంగాన్ని చాలవరకు అణచివేస్తుంది. వెనుకటి తరంగాన్ని బంధించటానికే పెట్టె. పెట్టె మరీ చిన్నదైతే లోపలి గాలి బిగువైన స్ప్రింగువలె శంకువును అడ్డుకొంటుంది. పెట్టె విశాలమై, దానికి తగిన కొలతతో ఒక రంధ్రం ఉంటే, సీసా మూతిపై ఊదినప్పటివలె లోపలి గాలి మ్రోగి మంద్రస్వరానికి తోడుపడుతుంది. బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆల్బర్ట్ థూరాస్ ఈ పద్ధతికి 1932లో పేటెంటు పొందారు.

ఇందులో బీదవానికి ఉపకరించే రహస్యం ఒకటున్నది. చిన్నపెట్టె నుండి మంద్రనాదం రాబట్టటానికి అధికమైన విద్యుచ్ఛక్తి కావాలి. పెట్టె పెద్దదైతే కొద్ది శక్తితోనే పని నెరవేరుతుంది. శక్తిని డబ్బిచ్చి కొనాలి. పెట్టెను చెక్కతో, చేతిపనితో చేసుకోవచ్చు.

ఈ సత్యం ఒక ప్రజాసంగీతానికే ఊపిరి పోసిన చోటు జమైకా ద్వీపపు రాజధాని కింగ్‌స్టన్. 1940 దశకంలో అక్కడి హోటళ్లలో వాద్యబృందాలు కలవారి కోసం వాయించేవి. బీదవాడలకు ఆ సంగీతం దూరం. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో రాడార్ విద్య నేర్చిన హెడ్లీ జోన్స్ స్వదేశానికి తిరిగివచ్చి, రేడియోలు బాగుచేస్తూ, స్వహస్తాలతో ఆంప్లిఫయరును నిర్మించారు. ఇనుపసామాను వర్తకుడైన టామ్ వాంగ్ తనకూ అటువంటిది కావాలని చేయించుకొన్నారు. దానికి తోడు బీరువాలంతటి చెక్కపెట్టెలు వెలసినవి. జనం వాటికి ‘హౌస్ ఆఫ్ జాయ్’, అనగా ఆనందగృహం, అని ముద్దుపేరు పెట్టుకొన్నారు. ఆరుబయట రికార్డు పెడితే వీథివీథంతా నాట్యమాడేది.

ఆ పెట్టెలను నడిపినవారిలో క్లెమెంట్ డాడ్, డ్యూక్ రీడ్ మొదలైనవారు తరువాత సొంతంగా పాటలు రికార్డు చేయించసాగారు. 1960 దశకం చివర రెగే సంగీతం పుట్టేనాటికి మంద్రస్వరమే పాటకు వెన్నెముక అయినది. 1948 నుండి బ్రిటనుకు వలసపోయిన జమైకావారు అక్కడి క్లబ్బులు తమకు తలుపులు మూసినప్పుడు, ఇరుకు గదులలో ఇటువంటి పెట్టెలే నిలబెట్టి తమ పాటను తాము విన్నారు.

పెట్టె చేయటంలో మెళకువలు కొన్నే. చెక్క మందంగా ఉండాలి. అతుకులలో గాలి దూరకుండా బంక పట్టించి, మరలు బిగించాలి. వ్రేలికణుపుతో తట్టినప్పుడు పలక ఖంగుమంటే లోపల అడ్డకర్ర వేయాలి. పలక తానే మ్రోగితే పాట చెడుతుంది.

అంతపని చేయలేని పాఠశాలలో ఒక పాత స్పీకరు, దాని మేరకు రంధ్రం చేసిన పెద్ద అట్ట ఉన్నా చాలును. ముందు స్పీకరును విడిగా, తరువాత అట్టకు ఆనించి ఒకే పాట వినిపించాలి. పాట మారదు, గొంతు మారుతుంది. ఎందుకు మారినదని ఒక్క విద్యార్థి అడిగినా ఆనాటి పాఠం సగం చెప్పినట్లే.