వానలో మాయమయ్యే బొమ్మ

నల్లరాతి సమాధి మీద తాతయ్య బొమ్మను లేజర్‌తో వేయించారట ఒక పాఠకుడి ఇంట్లో. వాన పడితే బొమ్మ మాసిపోతుంది, రాయి ఆరగానే మళ్లీ తేలుతుంది. రంగు నాసిరకమేమోనని ఆయన అనుమానం.

అసలక్కడ రంగే లేదు!

రాతిమీద పేర్లూ బొమ్మలూ దించడానికి ఉలి ఉంది, స్టెన్సిల్ అంటించి గాలితో ఇసుక కొట్టే పద్ధతి ఉంది, ఇప్పుడు లేజర్ వచ్చింది. (వాషింగ్టన్‌లో 1982లో ఆవిష్కరించిన వియత్నాం స్మారకం మీది పేర్లు ఇసుకతో కొట్టినవే. ఆ నల్లరాయి వెళ్లింది బెంగళూరు వైపు నుంచి.) మొదటి రెండూ రాతిని తవ్వుతాయి. లేజర్ పైపొరను చిట్లగొడుతుంది, అంతే.

లేజర్ నుంచి వచ్చే పరారుణ కిరణాన్ని ఖనిజాలు పైపైనే పీల్చేస్తాయి. కిరణం తగిలినచోట రాయి గభాలున వేడెక్కి సాగుతుంది, అడుగున చల్లగానే ఉంటుంది. ఆ గుంజులాటలో సన్నని పగుళ్లు పుడతాయి. దీనికి క్వార్ట్జ్ కారణమని చాలామంది రాసేస్తారు. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ ఉబ్బే మాట నిజమే. కానీ మన చీమకుర్తి నల్లరాయి గాబ్రో కుటుంబానిది, అందులో క్వార్ట్జ్ బహు తక్కువ. అయినా చక్కగా చిట్లుతుంది.

మరి తెలుపెక్కడిది? పాలిష్ రాతిలోకి దూరిన వెలుగు చాలావరకు తిరిగి రాదు, అందుకే నలుపు. చిట్లిన పొరలో ప్రతి పగులులోనూ గాలి ఉంటుంది. గాలీ ఖనిజమూ కలిసే ప్రతిచోటా కాస్త వెలుగు వెనక్కి చెదురుతుంది. నిగనిగలాడే పటికబెల్లం పలుకు దంచితే తెల్లని పొడి అయ్యేదీ ఇందుకే.

ఇక వాన. గాలి వక్రీభవన గుణకం 1, ఈ ఖనిజాలది సుమారు 1.6. ఆ తేడా వల్ల నిట్టనిలువుగా పడ్డ వెలుగులో నూటికి 5 పాళ్లు వెనక్కి మళ్లుతాయి. పగుళ్లలోకి నీరు చేరిందా, దాని గుణకం 1.33 కాబట్టి తేడా తగ్గి, మళ్లే వెలుగు ఒక పాలు కూడా ఉండదు. మిగతాది లోపలికి పోయి నలుపులో కలిసిపోతుంది.

తడి నేల నల్లబడటాన్ని 1925లో స్వీడన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు ఆండర్స్ ఆంగ్‌స్ట్రోమ్ మరోలా చెప్పాడు: బయటికి రాబోయే వెలుగును పైనున్న నీటి పొర మళ్లీ నేలకే తిప్పికొడుతుందని. అందమైన వాదన, కానీ సగమే. ఇసుక రేణువుల సందుల్లో నీరు నిండినప్పుడు వెలుగు వెనక్కి చెదరడం మాని ముందుకే, మరింత లోతుకు పోతుందని 1986లో ట్వోమీ, బోరెన్, మెర్గెంథాలర్ అనే శాస్త్రజ్ఞులు చూపించారు. మన సమాధి రాతికి నాకు నచ్చేది ఈ రెండో వివరణే.

నాకు చిరాకు తెప్పించేది నూనె. మెరుపు కోసం కొందరు రాయంతా పట్టిస్తారు. నూనె గుణకం 1.47, నీటికన్నా రాతికి దగ్గర, పైగా వానలా ఎండకు ఆరిపోదు. బొమ్మ మీద మాత్రం రాయకండి. పేరూ తేదీలూ లోతుగా చెక్కించుకుంటే, గాడిలో నీడ పడుతుంది కనుక, తడిసినా చదువుకోవచ్చు.