ఆగిన చోటే ఆనవాలు!

కాజీపేట నుంచి జనగామ వెళ్లే దారిలో స్టేషన్ ఘన్‌పూర్‌ వస్తుంది. కళ్లు మూసుకు కూర్చున్నా సరే, రైలు ఆగిందంటే స్టేషనో, ఎర్ర సిగ్నలో వచ్చిందని తెలిసిపోతుంది. ఆర్‌ఎన్‌ఏలో దాగిన రసాయన గుర్తుల్ని శాస్త్రవేత్తలు పట్టుకునేదీ ఇంచుమించు ఇలాగే!

ఆర్‌ఎన్‌ఏకి అక్షరాలు నాలుగే... ఎ, యు, జి, సి. వాటి మీద కణం పెట్టుకునే గుర్తులు మాత్రం 170కి పైనే. వాటిలో ఒకటి లోపించినా కష్టమే. మెదడునీ కండరాలనీ దెబ్బతీసే 'మెలాస్‌' జబ్బులో కనిపించేది అలాంటి లోపమే.

మరి వాటిని కనిపెట్టేదెలా? ముందుగా ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా తిరగరాయాలి. ఆ పని చేసే ఎంజైమ్‌ని 1970లో కనుగొన్నారు. కరోనా కాలంలో అందరి నోటా నానిన ఆర్‌టీ-పీసీఆర్‌లో 'ఆర్‌టీ' అదే. చిక్కేమిటంటే, ఇలా తిరగరాసేటప్పుడు చాలా గుర్తులు చెరిగిపోతాయి. ఉదాహరణకి 'సూడోయూరిడిన్‌'ని ఎంజైమ్‌ మామూలు 'యు'గానే చదివేస్తుంది. అందుకే దానికి సీఎంసీ అనే రసాయనాన్ని తగిలిస్తారు. అంతే... ఎంజైమ్‌ ఒక్క అక్షరం ముందే ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో సీక్వెన్సింగ్‌ యంత్రం చెప్పేస్తుంది.

సిగ్నల్‌ లేకుండానే రైలు ఆగినట్టు, ఆర్‌ఎన్‌ఏ మడతపడినా తెగినా ఎంజైమ్‌ ఆగొచ్చు. అందుకే రసాయనం కలపని నమూనానీ పక్కన పెట్టి పోల్చి చూస్తారు.

ఈ సూడోయూరిడిన్‌ చేరిస్తే ఆర్‌ఎన్‌ఏ మీద శరీరం తిరగబడడం తగ్గుతుందని కారికో, వైస్‌మన్‌ 2005లో చూపారు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకు బాటవేసిన ఆ పరిశోధనకు 2023లో నోబెల్‌ దక్కింది. 2022లో మన హైదరాబాద్‌ సీసీఎంబీ కూడా స్వదేశీ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా పరిజ్ఞానాన్ని ప్రకటించింది. అంత చిన్న గుర్తుకి ఎంత విలువో!