వార్తల్లో పదం: ట్రాన్స్‌లొకేషన్

కొత్త భవనానికో, రోడ్డుకో అడ్డొచ్చిన చెట్టును నరకకుండా, వేళ్లతో సహా పెకలించి మరోచోట నాటడమే ట్రాన్స్‌లొకేషన్. ముందుగా కొమ్మలు కత్తిరిస్తారు. మొదలు చుట్టూ కందకం తవ్వి, వేళ్లను మట్టితో పాటే గోనెపట్టాలో చుట్టి, క్రేన్‌తో లేపి కొత్త గోతిలో నిలబెడతారు. మర్రి, రావి తేలిగ్గా నాటుకుంటాయి. లోతైన తల్లివేరున్న చెట్లు బతకడం కష్టం.

తెలుగు రాష్ట్రాల్లో చెట్టు కొట్టాలంటే సాధారణంగా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఢిల్లీ 2020 విధానం ప్రకారం ప్రాజెక్టు కోసం తొలగించాల్సిన చెట్లలో కనీసం 80 శాతాన్ని తరలించాలి. ఏడాది తర్వాత వాటిలో 80 శాతం బతికుండాలి.

నాటడంతోనే పని పూర్తికాదు. ఎండాకాలంలో నీళ్లు పోసే బాధ్యత ఎవరిదో ముందే తేల్చాలి. అన్నిటికన్నా మేలు, చెట్టును ఉన్నచోటే ఉంచి ప్లాను గీయడం.