శిఖరం ఎరుగని తోడు

స్కాట్లండ్ వాయవ్య ప్రాంతపు పటం విప్పి చూస్తే, మరీ సరస్సుకు ఈశాన్యంగా ‘ఫిషర్‌ఫీల్డ్ ఫారెస్ట్’ అన్న పేరు కనిపిస్తుంది. ఆ పేరు చూసి మహారణ్యాన్ని ఊహించుకొని వెళ్లినవారికి చెట్టు కంటబడడమే అరుదు. అక్కడి వాడుకలో ‘ఫారెస్ట్’ అంటే దుప్పుల వేట కోసం ప్రత్యేకించిన భూమి. కాలు మోపితే దిగబడే తడినేల, మోకాలెత్తు హెదర్ పొదలు, బూడిదరంగు బండలు, వాటి నడుమ నల్లని నీటిమడుగులు. మోటారు రోడ్డు నుంచి అక్కడి లోపలి శిఖరాలను చేరడానికి చాలా గంటలు నడవాలి. చాలామంది ఒక రాత్రి గుడారంలో గడిపి మరీ వెళతారు.

ఇటువంటి చోట మనిషికి మనిషి తోడు దొరకడం కష్టం. అందుచేతనే కాబోలు, స్కాట్లండ్ కొండలలో నడిచే ఎందరో తమ కుక్కను వెంటబెట్టుకొని బయలుదేరుతారు. వాన పడుతున్నదని అది సణగదు. దారి తప్పామని నిందించదు. మౌనం దానికి భారం కాదు.

ఈ కొండనడకకు ఒక జాబితా ప్రేరణ అయింది. 1891లో సర్ హ్యూ మన్రో అనే ఆయన 3000 అడుగులు మించిన స్కాట్లండ్ పర్వతాల పట్టికను స్కాటిష్ మౌంటెనీరింగ్ క్లబ్ పత్రికలో ప్రకటించాడు. నాటి నుంచి ఆ పర్వతాలకు ‘మన్రోలు’ అన్న పేరు స్థిరపడింది. అన్నిటినీ ఎక్కి ముగించాలన్నది వేలాది మంది కోరిక. మన్రో మాత్రం ఆ కోరిక తీరకుండానే 1919లో కన్నుమూశాడు. నేడు ఆ పట్టికలో 282 పర్వతాలు ఉన్నాయి. ఫిషర్‌ఫీల్డ్‌లోని ఒక కొండను తిరిగి కొలిచినప్పుడు, రెండడుగులైనా లేని లోటు బయటపడి, 2012లో దాని పేరు కొట్టివేశారు.

కుక్కకు ఈ లెక్కలేవీ తెలియవు. పక్కనున్న మనిషి ఎక్కుతున్నాడు కనుక తానూ ఎక్కుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, కొండ మీద కుక్కకు మనిషి ఏమి బాకీపడి ఉన్నాడో తెలుస్తుంది.

హిమాలయాల దేశస్థులమైన మనకు 1345 మీటర్ల బెన్ నెవిస్ పెద్ద పర్వతంగా తోచకపోవచ్చు. బ్రిటన్ మొత్తానికి ఎత్తయిన శిఖరం అదే. కాని ఈ కొండల ప్రమాదం ఎత్తులో లేదు. అట్లాంటిక్ సముద్రం మీదుగా వచ్చే గాలివానకు ఇవి ఎదురొడ్డి నిలిచి ఉన్నాయి. ఉదయం దాటిన వాగు సాయంత్రానికి దాటరానిదై పోవచ్చు. డిసెంబరులో పగటి వెలుగు ఆరు, ఏడు గంటలకు మించదు. చలికాలంలో గాలికి పేరుకొన్న మంచు కొండ అంచు దాటి, ఇంటి చూరులా శూన్యంలోకి పెరుగుతుంది. కింద నేల లేదని కుక్కకు తెలియదు. దాని కంటికి అదీ నేలే.

చిన్న కష్టాలు కూడా తక్కువేమీ కాదు. పాదాల వెంట్రుకలలో మంచు ఉండలు కట్టి నడక నరకమవుతుంది. దుప్పులు రాకుండా వేసిన ఎత్తయిన కంచెల మీద నిచ్చెనమెట్లు ఉంటాయి. బరువైన కుక్కను చేతులతో ఎత్తి దాటించాలి. స్కై దీవిలోని కూలిన్ పర్వతాల గాబ్రో రాయి మనిషి బూటుకు గట్టి పట్టునిస్తుంది. ఆ గరుకుదనమే కుక్క అరికాళ్లను చీల్చివేస్తుంది. ఆ శ్రేణిలోనే ‘ఇనాక్సెసిబుల్ పినకిల్’, అనగా అందరాని శిఖరం, ఉన్నది. మన్రోలన్నిటిలోనూ రాతిని పట్టుకొని పాకితే తప్ప చేరరానిది అదొక్కటే. కుక్కను వీపుసంచిలో పెట్టుకొని అక్కడికి చేర్చినవారు కూడా లేకపోలేదు. అది ఎవరి సరదా కోసమన్నది వేరే ప్రశ్న.

ఈ కొండలలో చాలా భాగం ప్రైవేటు భూములే. అయినా వాటి మీద నడిచే హక్కు అందరికీ ఉన్నది. 2003లో చేసిన స్కాట్లండ్ భూసంస్కరణ చట్టం ఈ హక్కును స్పష్టం చేసింది. కుక్కతో నడిచేవారికి కూడా అది వర్తిస్తుంది; అయితే కుక్క అదుపులో ఉండాలన్నది షరతు. 2005లో అమలులోకి వచ్చిన నియమావళి ఆ షరతును వివరించింది.

చూడడానికి నిర్జనంగా ఉన్న ఈ నేల నిజానికి ఖాళీ కాదు. ఏప్రిల్ నుంచి జులై వరకు ఎన్నో పక్షులు హెదర్ పొదల మధ్య నేల మీదనే గుడ్లు పెడతాయి. తల్లిపక్షి బెదిరి లేచిపోతే గుడ్లు చల్లబడిపోతాయి. కనుక ఆ నెలలలో కుక్కను పొట్టి గొలుసుతోనో, మడమల వెంటనో నడిపించాలి. గొర్రెపిల్లలున్న పొలంలోకి దానిని తీసుకొని పోనే కూడదు. చూడి గొర్రెలను కుక్క తరిమితే, పంటి గాటు పడకపోయినా, ఆ బెదురుకే గర్భస్రావం కావచ్చు. కుక్కకు అది ఆట. కాపరికి సంవత్సరపు కష్టార్జితం. 2021లో సవరించిన చట్టం ప్రకారం ఇటువంటి నేరానికి 40,000 పౌండ్ల వరకు జరిమానా గాని, ఏడాది వరకు జైలు గాని పడవచ్చు. మందను కాపాడుకోవడానికి వేరే దారి లేక కాపరి కుక్కను చంపవలసి వస్తే, నష్టపరిహారపు దావా నుంచి అతనికి రక్షణ కల్పించే చట్టం 1987 నుంచీ ఉన్నది.

గొలుసు వదలివేయవలసిన సందర్భం ఒకటున్నది. ఆవులు మీదికి దూకినప్పుడు కుక్కను విడిచిపెట్టి, దగ్గరి దారిన బయటపడమని నియమావళి చెబుతుంది. వాటి కోపం కుక్క మీద. అది పరుగెత్తి తప్పించుకోగలదు, మనిషి తప్పించుకోలేడు.

కుక్క కేవలం భారమేనా అంటే, కానే కాదు. గ్లెన్‌కో లోయలో నివసించిన పర్వతారోహకుడు హామిష్ మాకిన్నిస్ 1965లో, కొండలలో తప్పిపోయినవారిని వెదికే కుక్కల శిక్షణకు ఒక సంఘాన్ని నెలకొల్పాడు. పొగమంచులో మనిషి చూపు పది అడుగులు సాగనప్పుడు, గాలిలో తేలివచ్చే మానవ వాసనను పసిగట్టి ఆ కుక్కలు దారి చూపుతాయి.

ఆంగ్ల సాహిత్యం చదివినవారికి ఈ సందర్భంలో మరొక కుక్క గుర్తుకు రాక మానదు. స్కాట్లండ్ సరిహద్దుకు దక్షిణాన ఇంగ్లండులో హెల్వెలిన్ అనే పర్వతం ఉన్నది. 1805 వసంతంలో చార్లెస్ గఫ్ అనే యువ చిత్రకారుడు దాని మీద మరణించాడు. మూడు నెలల తరువాత అతని అవశేషాలు కనుగొన్నప్పుడు, అతని కుక్క అక్కడే ప్రాణాలతో ఉన్నది. వర్డ్స్‌వర్త్, వాల్టర్ స్కాట్ ఇద్దరూ దాని మీద కవితలు వ్రాశారు. అన్నాళ్లు అది ఏమి తిని బ్రతికిందన్న సంగతిని వర్డ్స్‌వర్త్ దైవానికే వదలివేశాడు.

కవులు కీర్తించినది కుక్క విశ్వాసాన్ని. కొండ మీద పరీక్షకు నిలిచేది మనిషి విశ్వాసం. 2020 జులైలో ఇంగ్లండులోని స్కాఫెల్ పైక్ మీద డైసీ అనే సెయింట్ బెర్నార్డ్ కుక్క దిగుదారిలో కూలబడి మరి లేవలేదు. ఆ 55 కిలోల ప్రాణిని 16 మంది స్వచ్ఛంద సేవకులు స్ట్రెచర్ మీద మోసి దించారు. ఆపదలోని మనుషులను కాపాడిందని పేరుగాంచిన జాతి అది. కుక్క తన నొప్పిని చాలాసేపు బయటపెట్టదు; బయటపెట్టేసరికి వెనుదిరిగే వేళ దాటిపోయి ఉంటుంది. ఆ వేళను గుర్తించవలసినవాడు మనిషే.

మహాప్రస్థానంలో కుక్కను విడిచి రమ్మని ఇంద్రుడు కోరినప్పుడు, అటువంటి స్వర్గం తనకు అక్కరలేదని ధర్మరాజు అన్నాడు. వెంటనే యమధర్మరాజు నిజరూపం చూపి మెచ్చుకున్నాడు. స్కాట్లండ్ కొండ మీద, శిఖరం మరి రెండు వందల అడుగులుందనగా, కుంటుతున్న కుక్క కోసం వెనుదిరిగిన మనిషికి ఏ దేవుడూ ప్రత్యక్షం కాడు. పట్టికలో ఆ పేరు ఎదుట గుర్తు పడదు. అతడు ఏమి వదులుకున్నాడో కుక్కకు కూడా తెలియదు. దిగువ దారి పట్టగానే అది తోక ఆడిస్తూ అతని పక్కన నడుస్తుంది.